డెల్ఫీ శిథిలాలను ఒక్క రోజులో చదవడం ఎలా?

గ్రీస్ వెళ్లొచ్చిన మనవాళ్లు పంపే డెల్ఫీ ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. వెనక ఆరు స్తంభాలు, ముందు కూలింగ్ గ్లాసులు. కింద ఎప్పుడూ అదే ప్రశ్న: "డెల్ఫీ అంత గొప్పదన్నారు, అన్నీ విరిగిన రాళ్లే కదా, ఇందులో ఏం చూడాలి?" యూరప్‌లో చదువుకునే పిల్లలు అడుగుతారు, అమ్మానాన్నల్ని తిప్పుదామని టికెట్లు తీసుకున్న ఐటీ వాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కష్టంగా ఉంది, అందుకే ఇది.

మొదటిసారి నేనూ అలాగే తిరిగాను. జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. బోర్డు కనబడితే చదవడం, ఫొటో కొట్టడం, మళ్లీ బోర్డు. రాత్రి గదిలో చూసుకుంటే మూడొందల ఫొటోలు ఉన్నాయి, ఏ రాయి ఏమిటో ఒక్కటీ చెప్పలేకపోయాను. రెండోసారి బోర్డుల్ని వదిలేసి రాళ్ల పైభాగాల్ని చూస్తూ నడిచాను. గుంటలు, గాడులు, అక్షరాలు. అక్కడ నిలబడినవన్నీ పోయాయి, అవి ఎలా నిలబడ్డాయో చెప్పే గుర్తులు మాత్రం రాతిలో అలాగే ఉన్నాయి. ఆ గుర్తులు పట్టుకోవడం ఎలాగో చెబుతాను.

నేపథ్యం మూడు ముక్కల్లో. పర్నాసస్ కొండ దక్షిణపు వాలులో, నిటారు బండల కింద ఉన్న అపోలో దేవుడి క్షేత్రం ఇది. పిథియా అనే పూజారిణి చెప్పే జోస్యం కోసం గ్రీకు నగరాలన్నీ ఇక్కడికి వచ్చేవి, గెలిచినప్పుడు మొక్కులు చెల్లించేవి. తర్వాత అంతా పూడిపోయి పైన కాస్త్రి అనే ఊరు వెలిసింది. ఫ్రెంచి పురావస్తు బృందం ఆ ఊరిని పక్కకు తరలించి, 1892లో పెద్ద తవ్వకం మొదలుపెట్టింది. ఇక చాలు.

కావలసినవి

- గట్టి అడుగున్న బూట్లు. దారిలోని చలువరాతి పలకలు తొక్కి తొక్కి నున్నగా అయ్యాయి, చెప్పులతో జారతారు.
- టోపీ, మనిషికి లీటరున్నర నీళ్లు. అంతా ఎక్కుడే, నీడ తక్కువ.
- క్షేత్రం ప్లాన్ ఒకటి, కాగితం మీద. ఫోన్‌లో ఉంటే ఎండకు కనబడదు. నాలుగు పెన్సిల్ గీతలతో మీరే గీసుకుంటే ఇంకా మేలు.
- జూమ్ బాగా అయ్యే ఫోన్ కెమెరా. అక్షరాల కోసం.
- చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు.

అథెన్స్ నుంచి డెల్ఫీ సుమారు 180 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు. రోజుకు కొన్ని బస్సులే ఉంటాయి కాబట్టి తిరుగు బస్సు టైము చూసుకున్నాకే వెళ్లే బస్సు ఎక్కండి. నన్నడిగితే ముందురోజు సాయంత్రమే చేరి, ఊళ్లోనో దానికి ముందొచ్చే అరాహోవాలోనో పడుకోవడం మంచిది. టికెట్ ధర, తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, బయల్దేరే ముందు గ్రీకు సాంస్కృతిక శాఖ సైట్‌లో చూసుకోండి.

1. గేటు తెరవగానే లోపలికి వెళ్లండి

అథెన్స్ నుంచి టూరిస్టు బస్సులు దిగేసరికి పదిన్నర, పదకొండు అవుతుంది. ఆలోపు దొరికే రెండు గంటలే మీవి. జనం లేకపోవడం ఒక్కటే లాభం కాదు. పొద్దున వెలుగు ఏటవాలుగా పడుతుంది, గుంటల్లో, అక్షరాల్లో నీడ నిలుస్తుంది. మధ్యాహ్నం అదే రాయి చదును పలకలా కనిపిస్తుంది.

మ్యూజియం ముందా, శిథిలాలు ముందా అని అందరూ అడుగుతారు. ముందు శిథిలాలు. ఖాళీ దిమ్మెలు చూసిన కళ్లతో వెళ్తేనే మ్యూజియంలో విగ్రహాలు ఎక్కడివో తెలుస్తాయి. వేసవిలో ఆలస్యంగా చేరితే మాత్రం తిరగేయండి: ఎండ తగ్గేదాకా మ్యూజియంలో ఉండి, సాయంత్రం కొండెక్కండి. సాయంత్రపు వెలుగూ ఏటవాలుదే.

2. మొదటి వంద అడుగులకు అరగంట ఇవ్వండి

అందరూ పరిగెత్తే చోటు ఇది. గేటు నుంచి గుడికి ఎక్కే పవిత్ర మార్గం మొదట్లో రెండు పక్కలా మోకాలెత్తు రాతి దిమ్మెలు తప్ప ఏమీ ఉండదు, అందుకని ఎవరూ ఆగరు. నా లెక్కలో డెల్ఫీ అంతటిలో ఎక్కువ మాట్లాడే చోటు ఇదే.

దిమ్మె పైభాగం చూడండి (ఎక్కొద్దు, పక్కనుంచి చూడండి). పాదం ఆకారంలో, లేదా పాదం ఆనే చోట కోలగా గుంటలుంటే అక్కడ నిలబడింది కంచు విగ్రహం. కంచు పాదాన్ని ఆ గుంటలో దించి, కరిగించిన సీసం పోసి బిగించేవారు. అలా కాకుండా వెడల్పాటి, తక్కువ లోతున్న ఒకే పెద్ద గుంట ఉంటే అది చలువరాతి విగ్రహానిది. రాతి విగ్రహం కింద పలకతో కలిసి ఉంటుంది, ఆ పలక కూర్చోవడానికే ఆ గుంట. మూడు గుంటలు త్రిభుజంలా ఉంటే మూడు కాళ్ల పాత్ర ఒకటి అక్కడ నిలిచిందని అనుకోవచ్చు. రెండు పాదాల గుంటల మధ్య దూరం చూడండి, ఒకటి ముందుకు ఉంటే మనిషి అడుగు వేస్తున్నట్టు నిలబడ్డాడన్నమాట. విగ్రహం పోయి రెండు వేల ఏళ్లు కావచ్చు, దాని నిలుచున్న తీరు మాత్రం పోలేదు.

ఇప్పుడు ప్లాన్ తీయండి. లోపలికి రాగానే కుడివైపు కొర్కిరా ద్వీపం వాళ్లు పెట్టిన కంచు ఎద్దు దిమ్మె ఉంటుంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన గ్రీకు యాత్రా రచయిత పౌసానియస్ దాని కథ చెప్పాడు: ఒక ఎద్దు రోజూ సముద్రం ఒడ్డుకు పోయి రంకెలు వేసేదట, వెళ్లి చూస్తే నీళ్లలో లెక్కలేనన్ని ట్యూనా చేపలు, వల వేస్తే ఒక్కటీ పడదు. జోస్యం అడిగి, ఆ ఎద్దును బలి ఇచ్చాక చేపలు పడ్డాయి. వచ్చిన డబ్బులో పదోవంతుతో చేయించిన మొక్కు ఇది. మన తీరంలో చెప్పినా నమ్మే కథే.

దాని తర్వాతివన్నీ పంతాలు. మారథాన్ యుద్ధం పేరుతో అథెన్స్ వాళ్లు గేటు దగ్గర విగ్రహాల వరుస నిలబెట్టారు. క్రీ.పూ. 405లో అథెన్స్ నౌకాదళాన్ని చిత్తు చేసిన స్పార్టా సేనాపతి లైసాండర్, దానికి దగ్గరలోనే ఇంకా పెద్ద గుంపు పెట్టించాడు. మరో ముప్పై ఐదేళ్లకు స్పార్టా దెబ్బతిన్నప్పుడు అర్కాడియా వాళ్లు వచ్చి స్పార్టా విగ్రహాల దాపునే తమవి పెట్టారు. ఆర్గోస్ వాళ్లు దారికి రెండు వైపులా అర్ధచంద్రాకారంలో కట్టుకున్నారు. ఆ వంపు ఇప్పటికీ స్పష్టంగా ఉంది, గుర్తుపట్టడానికి అన్నిటికంటే సులువైనది అదే. ఊరి సెంటర్లో ఒక పార్టీ ఫ్లెక్సీ కడితే పక్కనే ఇంకో పార్టీ అంతకన్నా పెద్దది కట్టడం మనం చూసిందే కదా.

జాగ్రత్త: ఏ దిమ్మె ఎవరిదన్న విషయంలో పండితులే కొన్నిచోట్ల ఒకమాట మీద లేరు. మీ ప్లాన్‌కూ అక్కడి బోర్డుకూ పొంతన కుదరకపోతే కంగారు పడకండి.

3. ట్రెజరీల దగ్గర పాత రాయి, కొత్త రాయి విడదీయండి

ఒక్కో నగరం తన కానుకలు దాచుకోవడానికి గుడి ఆకారంలో కట్టుకున్న చిన్న గది ట్రెజరీ. ఎడమవైపు సిఫ్నోస్ ద్వీపం వాళ్లది పునాది మాత్రమే కనిపిస్తుంది. బంగారం, వెండి గనుల్లో వచ్చినదాంట్లో పదోవంతు దేవుడికిస్తూ, క్రీ.పూ. 525 ప్రాంతంలో దీన్ని కట్టారు. తర్వాత ఆశపడి ఇవ్వడం మానేశారనీ, సముద్రం వచ్చి గనుల్ని ముంచేసిందనీ పౌసానియస్ రాశాడు. దాని శిల్పాలు మ్యూజియంలో ఉన్నాయి, పునాది కొలత కంటితో గుర్తుపెట్టుకోండి, అక్కడ పనికొస్తుంది.

మలుపు తిరగగానే గోడలతో నిలబడి కనిపించేది అథెన్స్ వాళ్ల ట్రెజరీ. ఇక్కడే అందరూ పొరబడతారు, ఇదొక్కటే పడిపోకుండా మిగిలిందని. పడిపోయిన రాళ్లతో 1903, 1906 మధ్య తిరిగి నిలబెట్టినదది. రాళ్ల వరుస ఎలా తెలిసిందంటే, గోడ నిండా శాసనాలు చెక్కి ఉన్నాయి. ఒక రాయి మీద తెగిన వాక్యం ఇంకో రాయి మీద కొనసాగుతుంది, అలా జతలు కలుపుకుంటూ పోయారు. జిగ్‌సా పజిల్‌కు వెనకవైపు అక్షరాలుంటే ఎంత తేలికో ఆలోచించండి.

మీ పని: గోడకు పది అడుగుల దూరంలో నిలబడి పాత రాళ్లనూ కొత్త పూరింపులనూ వేరుచేయండి. పాత రాయి అంచులు అరిగి, చిట్లి ఉంటాయి, రంగు తేనెలా మారి ఉంటుంది. కొత్తది అంచు తిన్నగా, రంగు ఒకేలా ఉంటుంది. పైన శిల్పపు పలకలు అచ్చు పోసిన నకళ్లు, అసలువి మ్యూజియంలో ఉన్నాయి. ఒకసారి ఈ తేడా కన్ను పట్టుకుందంటే, మిగతా క్షేత్రంలో ఏది నిజంగా నిలిచిందో ఏది నిలబెట్టారో మీకే తెలిసిపోతుంది.

4. గోడ మీద ఒక్క మాట చదవండి

ట్రెజరీ దాటాక గుడి అరుగును మోసే పెద్ద గోడ వస్తుంది. చతురస్రపు రాళ్లు కావు, వంకర టింకర అంచులతో ఒకదాన్నొకటి కావలించుకున్నట్టు, సున్నం లేకుండా పేర్చినవి. దీని మీద సుమారు 800 శాసనాలున్నాయి. దూరం నుంచి రాయి గరుకుగా ఉన్నట్టుంటుంది, దగ్గరికెళ్తే అది గరుకు కాదు, అక్షరాలు.

గ్రీకు రాకపోయినా పర్వాలేదు, ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలు వచ్చు కదా. రెండు మాటలు వెతకండి.

మొదటిది "అపొల్లోని", అంటే అపోలోకు. ఇంగ్లిష్ 'వి' తలకిందులైన అక్షరం పక్కపక్కన రెండుసార్లు, వెంటనే గుర్రపు నాడా లాంటిది, ఆ తర్వాత ఇంగ్లిష్ 'ఎన్', నిలువు గీత. రెండు తలకిందుల 'వి'లు, నాడా. ఆ మూడూ వరుసగా దొరికితే పట్టేసినట్టే.

రెండోది "సోమా". ఇంగ్లిష్ 'ఎం' పక్కకు ఒరిగినట్టున్న అక్షరం, నాడా, మామూలు 'ఎం', మామూలు 'ఏ'. ఈ మాటకు అర్థం శరీరం. ఆ 800 శాసనాల్లో ఎక్కువ భాగం బానిసల విడుదల పత్రాలు. "ఫలానా ఆయన పిథియన్ అపోలోకు ఒక ఆడ శరీరాన్ని, ఫలానా పేరు గలదాన్ని, ఇన్ని మినాల వెండికి అమ్మాడు" అన్నదే వాటి వరస (మినా అంటే అప్పటి తూకపు లెక్క). బానిస చేతిలోని డబ్బుతోనే దేవుడి పేరిట ఈ అమ్మకం జరిగేది. దేవుడు కొన్నాక ఇంకెవరూ తనవాళ్లని చెప్పుకోవడానికి వీల్లేదు, అంటే స్వేచ్ఛ. పత్రం చినిగిపోవచ్చు, కాబట్టి గోడ మీద చెక్కించుకునేవాళ్లు. కొన్నిటిలో ఒక మెలిక ఉంటుంది: యజమాని బతికున్నంతకాలం అతని దగ్గరే ఉండి చాకిరీ చేయాలని.

అమరావతి పలకల మీద "దానం" అన్న మాట వెతికి చదివినవాళ్లకు ఇదేమీ కొత్త ఆట కాదు. అక్కడ ఇచ్చినవాళ్ల పేర్లు, ఇక్కడ విడిపించుకున్నవాళ్ల పేర్లు.

జాగ్రత్తలు: వేలితో తడమొద్దు, అక్షరాల్లో సుద్ద, నీళ్లు పోయడం అసలే వద్దు. గార్డు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అక్షరాలు కనబడకపోతే మీరే పక్కకు జరగండి, గోడకు ఎదురుగా కాకుండా ఒక కొస నుంచి ఓరగా చూస్తే నీడలు లేస్తాయి. ఫోన్‌లో ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచితే ఇంకా బాగుంటుంది. మబ్బుగా ఉండి ఏమీ కనిపించకపోతే, ఈ గోడ ముందే ఉన్న అథెన్స్ వాళ్ల మండపం మెట్టు చూడండి. అక్కడ అక్షరాలు పెద్దవి. "ఈ మండపాన్నీ, శత్రువుల నుంచి పట్టిన ఆయుధాల్నీ, ఓడల అలంకారాల్నీ అథెన్స్ వాళ్లు సమర్పించారు" అని ఉంది. ఒకప్పుడు ఏడు స్తంభాల మండపం.

5. గుడి ముందు మొదట వీపు తిప్పండి

గుడి తూర్పు కొసకు చేరాక స్తంభాలకేసి కాకుండా వాటికి ఎదురుగా ఉన్న నల్లటి రాతి కట్టడాన్ని చూడండి. ఖియోస్ ద్వీపం వాళ్లు కట్టించిన బలిపీఠం అది, అంచులు తెల్ల చలువరాయి. మన గుళ్లో ధ్వజస్తంభం పక్కన బలిపీఠం ఉన్నట్టే, కాకపోతే ఇక్కడ పూజంతా జరిగేది ఈ బయటి పీఠం దగ్గరే. లోపలిది దేవుడి ఇల్లు. గుడి అనగానే మనం గర్భగుడికేసి నడుస్తాం, గ్రీకు గుడిలో జనం ఉండేది ఆరుబయట. ఈ బలిపీఠానికి బదులుగా ఖియోస్ వాళ్లకు జోస్యం అడగడంలో ముందు వరుస దక్కింది, ఆ మాట రాతి మీదే చెక్కి ఉంది. స్పెషల్ దర్శనం అన్నమాట.

ఇప్పుడు గుడి. పొడుగు వైపు 15, వెడల్పు వైపు 6 స్తంభాలున్న కట్టడం. అంతకుముందున్న గుడి ఒకటి క్రీ.పూ. 548లో తగలబడింది, తర్వాత కట్టింది 373లో భూకంపానికి పోయింది, మీరు చూస్తున్నది 330 ప్రాంతంలో పూర్తయినది. నిలబడిన ఆరు స్తంభాలూ గత శతాబ్దంలో ముక్కలు పేర్చి నిలబెట్టినవే.

ఇక్కడ మూడు చోట్ల ఆగండి. స్తంభం అడుగున పీఠం ఉందా? లేదు, నేరుగా నేల మీంచి లేస్తుంది, నిలువు గాడుల మధ్య అంచులు పదునుగా ఉంటాయి, చుట్టూ లెక్కిస్తే 20. ఇది డోరిక్ పద్ధతి. కింద వదిలిన మండపం స్తంభాలకు అడుగున పీఠం ఉండడం గమనించారా? అది అయోనిక్. రెండు పద్ధతుల తేడాకు ఇంతకుమించి పుస్తకం అక్కర్లేదు. రెండోది, పడి ఉన్న స్తంభపు ముక్క పైభాగం. నడుమ చిన్న చదరపు గుంట ఉంటుంది, పై ముక్క జరగకుండా కీలు దిగే చోటు. మూడోది పునాది రాళ్ల అంచులు. పక్కపక్క రాళ్లలో సగం సగం చెక్కిన గాడి, రెండూ కలిస్తే ఇంగ్లిష్ 'హెచ్'ను పక్కకు పడేసినట్టు ఉంటుంది. ఇనుప బందు వేసి, చుట్టూ సీసం పోసిన చోటు. సీసం ఇనుముకు తుప్పు పట్టనివ్వదు, భూమి కదిలితే కాస్త లొంగుతుంది. ఆ గాడి చుట్టూ అడ్డదిడ్డంగా పగలగొట్టిన గుంటలు కూడా కనిపిస్తాయి. లోహానికి కరువొచ్చిన తర్వాతి కాలాల్లో జనం ఇనుము, సీసం తవ్వుకుపోయిన గాయాలవి. మేస్త్రి ఉలి పెట్టిన గుంటకు గోడలు తిన్నగా ఉంటాయి, దొంగ పెట్టినదానికి ఉండవు.

"పిథియాకు ఆవిరి పట్టిన బొక్క ఏది?" అని వెతక్కండి. నేలలోంచి వచ్చే ఆవిరి పీల్చి ఆమె జోస్యం చెప్పేదని ప్రతీతి, ఆ లోపలి గది భాగమే బాగా ధ్వంసమైంది. నేల కింద పగుళ్లు, వాయువుల గురించి భూగర్భ శాస్త్రవేత్తల వాదన ఇంకా నడుస్తోంది.

బలిపీఠం పక్కన మెలితిరిగిన పాముల స్తంభం కొత్తగా మెరుస్తూ కనిపిస్తుంది. అది నకలు. అసలు సంగతి చివర్లో చెబుతాను.

6. పైకి ఎక్కండి, కిందికి చూడండి

థియేటర్ 35 వరుసలది, సుమారు 5000 మంది పట్టేది. పై వరుస దగ్గరి దారి నుంచి చూస్తే గుడి, ట్రెజరీ, వచ్చిన దారి మెలికలు, కింద ఆలివ్ తోటల లోయ ఒకే చూపులో వస్తాయి. పావుగంట కూర్చోండి. మీ ప్లాన్ సరిచూసుకునే చోటు ఇది (ఎలాగో కింద చెబుతాను).

స్టేడియం ఇంకా పైన, మరో పది పదిహేను నిమిషాల ఎక్కుడు. పరుగు బాట సుమారు 177 మీటర్లు. మొదలయ్యే చోట రాతి పలకల్లో కాలి వేళ్లు ఆనించే రెండు గాడులు ఉంటాయి. దక్షిణపు గోడ మీద క్రీ.పూ. 5వ శతాబ్దపు శాసనం: వైన్ బయటికి తీసుకెళ్లొద్దు, తీసుకెళ్తే 5 ద్రాఖ్మాల (అప్పటి వెండి నాణేలు) జరిమానా, అందులో సగం పట్టించినవాడికి. రాళ్లు దొర్లే ప్రమాదం ఉంటే ఈ దారి మూసేస్తారు, తాడు కట్టి ఉంటే దాటకండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే స్టేడియం వదిలేయండి, ఆ గంట మ్యూజియానికి ఇవ్వండి.

7. మ్యూజియంలో ఖాళీ దిమ్మెల్ని నింపుకోండి

అన్నీ చూడాలన్న టెన్షన్ పెట్టుకోవద్దు. నాలుగు చాలు.

సిఫ్నోస్ శిల్పపు పట్టీ ముందు నిలబడి, పొద్దున చూసిన పునాదిని గుర్తు చేసుకోండి. అంత చిన్న గదికి చుట్టూ ఇంత పని. దేవతలకూ రాక్షసుల్లాంటి గైగాంట్లకూ యుద్ధం, ట్రాయ్ యుద్ధాన్ని చూస్తూ వాదులాడుకునే దేవతలు. దీనికి ఒకప్పుడు రంగులు వేసి ఉండేవి. "గ్రీకులవి తెల్లటి శిల్పాలు" అన్నది వాన, ఎండ చేసిన మోసం.

నాక్సోస్ ద్వీపం వాళ్ల స్ఫింక్స్ (ఆడ ముఖం, సింహం ఒళ్లు, రెక్కలున్న బొమ్మ) కంటి ఎత్తుకు దగ్గరలో ఉంది కదా అని అలాగే చూసి వెళ్లకండి. అసలు అది స్తంభం మీద కూర్చుని, మొత్తం పన్నెండు మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉండేది. నాలుగంతస్తుల మేడ పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి.

పాటకు స్వరాలు చెక్కిన రాళ్లు చూడండి. అథెన్స్ ట్రెజరీ గోడవి అవి, క్రీ.పూ. 128లో అపోలోకు పాడిన స్తోత్రాలు. పెద్ద అక్షరాల వరుసల పైన చిన్న గుర్తులుంటాయి, అవే స్వరాలు.

చివరి గదిలో రథసారథి. 1896లో దొరికిన కంచు విగ్రహం, ఎత్తు 1.80 మీటర్లు. క్రీ.పూ. 470ల నాటిది, గేలా నగర పాలకుడు పోలిజాలోస్ కానుక. నాలుగు గుర్రాల రథంలో ఇతనొక భాగం, గుర్రాల కాళ్లు, పగ్గాల ముక్కలు పక్కన ఉన్నాయి. నడుము కింద భాగం మరీ పొడుగ్గా ఉందనిపిస్తుంది. రథంలో నిలబడినవాడిని కింది నుంచి చూడాలి కదా, వంగి చూడండి, కొలత సర్దుకుంటుంది. తర్వాత దగ్గరికి వెళ్లి కంటిరెప్పలు చూడండి. రాగిని సన్నగా కత్తిరించి పెట్టినవి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పాదాల నరాలు చూడండి, అవి రథంలో ఎవరికీ కనబడే భాగాలు కావు. కంచు విగ్రహాలన్నీ కరిగిపోయినా ఇతను మిగలడానికి కారణం, 373 భూకంపం ఇతన్ని మట్టిలో పాతేయడమే.

ఫ్లాష్ వేయొద్దు. విగ్రహం పక్కన అదే భంగిమలో నిలబడి పోజు పెడితే గార్డు వెంటనే వస్తాడు.

8. సాయంత్రం మర్మరియాకు

రోడ్డు వెంట తూర్పుకు పావుగంట నడక. ఎథీనా దేవి ఆవరణ, అందులో గుండ్రటి కట్టడం థోలోస్. బయట 20 డోరిక్ స్తంభాలుండేవి, 1938లో మూడు నిలబెట్టారు. తెల్లటి ముక్కలు, ముదురు ముక్కలు కలిసి ఉంటాయి, మూడో అంచెలో నేర్చుకున్నది ఇక్కడ పరీక్ష పెట్టుకోండి. దాని పక్కన ఎథీనా గుడిలో పెద్ద పెద్ద బండలు పడి ఉంటాయి. 1905లో కొండ మీంచి దొర్లి, అప్పటిదాకా నిలిచిన స్తంభాల్లో చాలావాటిని పడగొట్టినవి. క్రీ.పూ. 480లో పర్షియన్ల మీద కూడా ఇక్కడే బండలు పడ్డాయని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ చెప్పాడు. కొండ అలవాటు మార్చుకోలేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కనిపించేవన్నీ ఒకే కాలానివి అనుకోవడం అన్నిటికన్నా పెద్దది. గేటు దగ్గరి ఇటుక కట్టడాలు రోమన్ల కాలానివి, గుడి అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందుది, గోడ గుడికన్నా ముందుది. మనసులో ఒక గీత పెట్టుకోండి: 373 భూకంపానికి ముందా, తర్వాతా?

దారి పక్కన గుమ్మటంలా ఉన్న నున్నటి రాయి ముందు "భూమి నాభి" అని సెల్ఫీ తీసుకోవడం ఇంకొకటి (డెల్ఫీయే లోకానికి నడిబొడ్డని గ్రీకుల నమ్మకం, దానికి గుర్తుగా ఒక రాయి పెట్టుకున్నారు). జాలీ అల్లికలా చెక్కినది మ్యూజియంలో ఉంది, అది కూడా తర్వాతి కాలపు ప్రతే.

చిన్న చలువరాతి పెంకు జేబులో వేసుకోవడం పొరపాటు కాదు, నేరం. గ్రీస్‌లో పురావస్తువుల చట్టం చాలా కఠినం. "ఇన్ని రాళ్లలో ఒక్కటి" అనకండి. పిల్లలకు ముందే చెప్పండి.

సరిగా చూశారో లేదో ఎలా తెలుస్తుంది?

థియేటర్ పైన కూర్చున్నప్పుడు ప్లాన్ మడిచి జేబులో పెట్టి, కింద కనిపించేవాటిలో ఐదింటిని వేలితో చూపించి పేర్లు చెప్పండి. ఆర్గోస్ అర్ధచంద్రం, అథెన్స్ ట్రెజరీ, వంకర రాళ్ల గోడ, బలిపీఠం, గుడి. చెట్లు అడ్డమొచ్చినవి ఎటువైపు ఉన్నాయో చూపించినా చాలు. మూడు కూడా రాకపోతే తిరిగి దిగేటప్పుడు నెమ్మదిగా దిగండి, అదే రెండో అవకాశం.

రాత్రి గదిలో ఆ రోజు ఫొటోల్లోంచి పది ముందు పెట్టుకోండి. ఒక్కోదానికీ అడగండి: దీని మీద ఏం నిలబడింది, అది నాకు ఏ గుర్తు వల్ల తెలిసింది? "బోర్డులో ఉంది" అన్న జవాబు లెక్కలోకి రాదు. రెండు పాదాల గుంటలున్నాయి కాబట్టి కంచు మనిషి, రాయి తేనె రంగులో ఉంది కాబట్టి పాతది, ఇలా ఉండాలి. పదిలో ఆరు వస్తే బాగా చూసినట్టే. రెండోసారి వెళ్లినప్పుడు నాకు వచ్చినవి ఐదు.

పాముల స్తంభం సంగతి మిగిలింది. క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర పర్షియన్లను ఓడించాక గ్రీకు నగరాలన్నీ కలిసి పెట్టిన కంచు స్తంభం అది, మెలికల మీద 31 నగరాల పేర్లు చెక్కారు. దాని మీది బంగారు పాత్రను తర్వాతి యుద్ధంలో డెల్ఫీ చుట్టుపక్కల ప్రాంతమైన ఫోకిస్ వాళ్లు కరిగించుకున్నారు. స్తంభాన్ని కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తన కొత్త రాజధానికి, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌కు తరలించాడు. మీ తిరుగు ఫ్లైట్ ఇస్తాంబుల్ మీదుగా ఉండి, మధ్యలో ఏడెనిమిది గంటలు దొరికితే, వీసా సంగతి ముందే చూసుకుని సుల్తాన్ అహ్మద్ చౌక్‌కు వెళ్లండి. నేల మట్టానికి కింద, చిన్న గుంతలో, చుట్టూ కటకటాల మధ్య నిలబడి ఉంటుంది. తలలు లేవు. వాటిలో ఒకదాని పైదవడ మాత్రం అక్కడి పురావస్తు మ్యూజియంలో ఉంది.